పాదరసపు గొట్టము నుండి ల్యాప్‌టాప్ ర్యాము వరకు

కొన్ని నెలల క్రిందట పదవ తరగతి విద్యార్థి ఒకడు ఒక పాత ల్యాప్‌టాప్‌ను చంకన పెట్టుకొని నా వద్దకు వచ్చినాడు. అది వాని అన్నగారిది. అందులో 4 జీబీ ర్యాము మాత్రమే ఉన్నది. నాలుగు పేజీలు తెరచితే చాలు, యంత్రము నిద్రపోవునట్లుండెడిది. ఇంటివారిని బ్రతిమాలి, డబ్బు కూడబెట్టి, మరొక 8 జీబీ ర్యాము పలకను కొని, ఖాళీగా ఉన్న రెండవ స్లాటులో పెట్టించినాడు.

"దుకాణం ఆయన మోసం చేశాడండీ మాస్టారూ!" అన్నాడు. కారణమేమన, పలకపై అంటించిన కాగితములో 3200 అని ఉన్నది. విండోసు వారి తెరపై వేగము 2400 అని కనుపించుచున్నది. ఒక స్నేహితుడు ఇచ్చిన మరొక ప్రోగ్రాముతో చూచిన 1197 అని వచ్చినది. 3200కు డబ్బిచ్చి 1197ను తెచ్చుకొన్నానని వాని బాధ. మరునాడు పోయి దుకాణదారుతో తగవు పెట్టుకొనుటకు తండ్రి కూడ సిద్ధముగా ఉన్నాడట.

ఒకే వస్తువుకు మూడు వేగములు ఎట్లుండును? చిత్రమేమనగా ఆ మూడు అంకెలలో ఏదియు అబద్ధము కాదు. "అది అంతేనోయ్" అని పంపివేయుటకు మనసొప్పలేదు. ఆ మూడు అంకెల వెనుక ముప్పాతిక శతాబ్దమునకు మించిన కథ ఉన్నది. ఆ కథ అంతయు ఒకే పోరాటమునకు సంబంధించినది. లెక్క చేయు భాగము ఎప్పుడును తొందరపడుచుండును. అంకెలను దాచి అందించు భాగము ఎప్పుడును వెనుకబడుచుండును. మొదటిదానిని ఊరక కూర్చుండనీయకుండుట ఎట్లు?

కంప్యూటరులో అంకెలను, ఆదేశములను దాచియుంచు భాగమునకు 'మెమొరీ', అనగా జ్ఞాపకశక్తి, అను పేరును 1945లో జాన్ ఫాన్ న్యూమన్ తన ప్రసిద్ధ నివేదికలో వాడినాడు. పేరు దొరికినది గాని వస్తువు ఎక్కడిది? వాల్వులతో కూడికలు చేయుట అప్పటికే తెలియును. కాని ఒక్కొక్క బిట్టును దాచుటకు ఒక్కొక్క వాల్వుల జంటను కేటాయించిన యెడల గదులకు గదులు నిండిపోవును.

ఉపాయము రాడారు పరిశ్రమ నుండి వచ్చినది. ఒక పొడవైన ఉక్కు గొట్టమును పాదరసముతో నింపుదురు. ఒక కొనన ఉన్న క్వార్ట్జు స్ఫటికము విద్యుత్ స్పందములను శబ్దముగా మార్చి పాదరసములోనికి పంపును. విద్యుత్తుతో పోల్చిన శబ్దము నత్తనడక. పాదరసములో అది సెకండుకు సుమారు 1450 మీటర్లు మాత్రమే పోవును. రెండవ కొనను చేరిన శబ్దమును మరల విద్యుత్తుగా మార్చి, బలపరచి, మొదటి కొనకు చేర్చినచో స్పందములు గొట్టములో గిరగిర తిరుగుచునే ఉండును. మరచిపోకుండుటకు ఒక మాటను మరల మరల వల్లించుకొనునట్టిదే ఈ పద్ధతి. 1949 మే 6వ తేదీన కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములో మారిస్ విల్క్స్ నాయకత్వమున పనిచేయ నారంభించిన ఎడ్సాక్ యంత్రములో ఇట్టి గొట్టములు ఉండెను. ఒక్కొక్క గొట్టము పొడవు అయిదడుగులకు కొంచెము పైన. అందులో ఇమిడిన బిట్లు 576. ఒక ప్రదక్షిణమునకు పట్టు కాలము సుమారు సెకండులో వెయ్యవ వంతు.

ఇక్కడనే మన విద్యార్థి సమస్య పుట్టినది. కావలసిన అంకె గొట్టము కొనకు వచ్చువరకు లెక్క చేయు భాగము చేతులు ముడుచుకొని కూర్చుండవలెను. సగటున అర ప్రదక్షిణము నిరీక్షణ! దీనిని సహింపలేకపోయినవాడు ఆలన్ ట్యూరింగు. అతని రూపకల్పన ననుసరించి ఇంగ్లండు జాతీయ భౌతిక ప్రయోగశాలలో నిర్మింపబడి, 1950 మేలో నడచిన పైలట్ ఏస్ యంత్రములో ఆదేశములను వరుసగా వ్రాయరు. ఒక ఆదేశము పూర్తియగు క్షణమునకు సరిగా రెండవ ఆదేశము గొట్టము కొనకు వచ్చునట్లు లెక్కగట్టి అక్కడక్కడ అమర్చుదురు. వ్రాయువానికి అది ప్రాణసంకటమే. కాని యంత్రము ఆనాటి యంత్రములన్నిటి కంటె వేగముగా నడచినది. ఉన్న మెమొరీని పూర్తి వేగమున నడిపించవలెనన్న కోరికకు ఇది తొలి నిదర్శనములలో ఒకటి.

మాంచెస్టరులో మార్గము వేరు. ఫ్రెడ్డీ విలియమ్స్, టామ్ కిల్బర్న్ అను ఇరువురు కాథోడు కిరణ నాళముపై, అనగా పాత టెలివిజను తెర వంటి దానిపై, విద్యుదావేశపు చుక్కలుగా బిట్లను దాచినారు. శబ్దము వలె తిరుగుట లేదు కనుక ఏ చుక్కనైనను వెంటనే చదువవచ్చును. అయితే చుక్కలు క్షణములో కారిపోవును. ఆరిపోకముందే చదివి, మరల వ్రాయుచు ఉండవలెను. ఈ నాళము పనిచేయునో లేదో పరీక్షించుటకే వారొక చిన్న కంప్యూటరును కట్టినారు. అది 1948 జూన్ 21న నడచినది. దాని మెమొరీ 32 మాటలు, మాటకు 32 బిట్లు, మొత్తము 1024 బిట్లు. మెమొరీలోనే ప్రోగ్రామును దాచుకొని నడచిన మొట్టమొదటి ఎలక్ట్రానిక్ కంప్యూటరుగా చరిత్రలో నిలిచినది ఈ పరీక్షా యంత్రమే. కారిపోవు ఆవేశమును మరల నింపుట అను మాటను పాఠకులు గుర్తుంచుకొందురు గాక. ఇరువది సంవత్సరముల తరువాత అది మరల వచ్చును.

ఈ రెండింటిని వెనుకకు నెట్టినవి ఫెర్రైటు ఉంగరములు. ఆవగింజలను మించిన పరిమాణము లేని అయస్కాంతపు ఉంగరములను సన్నని తీగల అల్లికలో గ్రుచ్చుదురు. ఉంగరము కుడివైపుకు అయస్కాంతీకరింపబడిన 1, ఎడమవైపుకైన 0. హార్వర్డులో ఆన్ వాంగ్, మసాచుసెట్సు సాంకేతిక సంస్థలో జే ఫారెస్టరు ఈ రంగమున ముఖ్యులు. ఫారెస్టరు బృందము వర్ల్‌విండు అను యంత్రములో 1953లో నాళములను తీసివేసి ఈ ఉంగరపు మెమొరీని పెట్టగా, ఒక అంకెను తెచ్చుటకు పట్టు కాలము 25 మైక్రోసెకండ్ల నుండి సుమారు 9కి దిగినది. లెక్క చేయు భాగమును ముట్టుకొనలేదు. మెమొరీని మార్చినంత మాత్రాన యంత్రపు వేగము రమారమి రెట్టింపైనది. ర్యామును మార్చి యంత్రమును బాగుచేసికొనుటకు ఇంతకంటె గొప్ప పూర్వోదాహరణము లేదు.

మన దేశములో ఈ ఉంగరపు మెమొరీ తొలిదినములలోనే వచ్చినది. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో ఆర్. నరసింహన్ నాయకత్వమున నిర్మింపబడి 1960లో పనికి వచ్చిన టిఫ్రాక్ కంప్యూటరులో 40 బిట్ల మాటలు 2048 ఉండెను. గుణించి చూడుడు: నేటి లెక్కలో 10 కిలోబైట్లు. దానిని నడిపించుటకు 2700 వాల్వులు. మన హైదరాబాదులో 1967లో స్థాపింపబడిన ఈ.సి.ఐ.ఎల్. 1969లో తెచ్చిన టి.డి.సి.-12 కూడ ఈ ఉంగరముల కాలమునకు చెందినదే.

ఉంగరములు చేతితో గ్రుచ్చవలసినవి గనుక ఖరీదు. ఎంత కొన్నను చాలదు. చాలనప్పుడు ఏమి చేయవలెను? కిల్బర్న్ మరల రంగములోనికి వచ్చినాడు. 1962లో మాంచెస్టరులో ప్రారంభమైన అట్లాసు యంత్రములో ఉంగరపు మెమొరీ 16 వేల మాటలకు కొంచెము పైన మాత్రమే. దాని వెనుక తిరుగు అయస్కాంత డ్రమ్ము మీద 98 వేల మాటలకు పైగా చోటున్నది. అవసరము లేని పేజీలను డ్రమ్ముకు పంపుచు, కావలసినవానిని తెచ్చుకొనుచు, రెండును ఒకే మెమొరీ అన్న భ్రమను యంత్రమే ప్రోగ్రామునకు కలిగించును. నేటి విండోసులోను ఇదే ఏర్పాటు జరుగుచున్నది. అయితే డ్రమ్మునకు బదులు హార్డుడిస్కు. ర్యాములో దొరకవలసిన దానికి డిస్కు వద్దకు పరుగెత్తిన యెడల నిరీక్షణ సుమారు లక్ష రెట్లు పెరుగును. మన విద్యార్థి ల్యాప్‌టాప్ నిద్రపోవుచున్నట్లుండుటకు అసలు కారణము ఇది. ర్యాము నెమ్మదిగా ఉండుట కాదు, చాలకపోవుట. 4 జీబీ 12 జీబీ అగుటతో ఈ డిస్కు యాత్రలు చాలవరకు ఆగిపోయినవి. "నిద్రపోవడం తగ్గిందా?" అని అడిగితిని. "తగ్గిందండీ, కాని 1197..." అన్నాడు.

సరే, వేగము మాటకే వత్తము. ఉంగరపు మెమొరీకొక దోషమున్నది. చదివిన వెంటనే ఆ బిట్టు చెరిగిపోవును. మరల వ్రాసిన గాని మరొక పని చేయరాదు. 1964 నాటి సి.డి.సి. 6600లో ఈ చక్రమునకు ఒక మైక్రోసెకండు పట్టెడిది. లెక్క చేయు భాగపు గడియారమో సెకండులో కోటవ వంతుకొక మారు కొట్టెడిది. అనగా పదింతల తేడా. రూపశిల్పి సేమౌర్ క్రే ఉంగరములను వేగిరపరచలేడు. కనుక మెమొరీని 32 ఖానాలుగా విడదీసినాడు. ఒకటవ అంకె ఒకటవ ఖానాలో, రెండవది రెండవ దానిలో, ఈ ప్రకారముగా పంచినాడు. ఒక ఖానా అలసట తీర్చుకొనుచుండగా తక్కిన ఖానాలు అందించుచుండును. రైల్వే స్టేషనులో గుమాస్తా చేతివేగము పెరుగదు. కాని కిటికీలు ఎక్కువ తెరచిన వరుస త్వరగా కదలును గదా! ల్యాప్‌టాప్‌లో రెండు స్లాటులుండుటకు, వానిని రెండు ఛానెళ్లుగా నడుపుటకు మూలము ఈ ఊహయే.

ఇక నేటి ర్యాము పుట్టుక. 1966లో ఐ.బి.ఎం. పరిశోధనాలయమున రాబర్ట్ డెన్నార్డు ఒక బిట్టుకు ఒక్క ట్రాన్సిస్టరు, ఒక్క కెపాసిటరు చాలునని కనుగొన్నాడు. 1968 జూన్‌లో పేటెంటు లభించినది. కెపాసిటరులో ఆవేశమున్న 1, లేనిచో 0. అయితే అది చిల్లుకుండ. నింపిన కొలది కారిపోవును. మాంచెస్టరు నాళము వలెనే దీనిని గూడ చదివి మరల నింపుచుండవలెను. డి.డి.ఆర్.4 వరకు వచ్చిన పలకలలో ప్రతి వరుసను సాధారణముగా 64 మిల్లీసెకండ్లకు ఒక మారు నింపుదురు, డి.డి.ఆర్.5లో అందులో సగము గడువే. 1970 అక్టోబరులో ఇంటెల్ అమ్మకమునకు తెచ్చిన 1103 చిప్పులో 1024 బిట్లు పట్టినవి. మాంచెస్టరు యంత్రపు మెమొరీ అంతయు ఒక్క చిప్పులో! ఆ దశాబ్దములోనే ఉంగరములు క్రమముగా మ్యూజియములకు చేరుకొన్నవి.

చిల్లుకుండలు చవుకైనవి, చిన్నవైనవి, కోట్లకొలది ఒక చిప్పులో ఇమిడినవి. కాని అవి వేగిరపడలేదు. కెపాసిటరు ఎంత చిన్నదైన అందలి ఆవేశము అంత స్వల్పము. అది తీగపైకి వచ్చినప్పుడు కలుగు సన్నని మార్పును పసిగట్టి పెద్దది చేయుటకు కొంత వ్యవధి కావలెను. ప్రాసెసర్లో, ఏటేట ముందుకు దూకినవి. దీని నివారణకు 1965లో విల్క్స్ ఒక చిన్న వ్యాసము వ్రాసినాడు. పెద్ద, నెమ్మది మెమొరీకి ముందు చిన్న, చురుకైన మెమొరీని ఉంచి, ఇటీవల వాడిన అంకెలను అందులో అట్టే పెట్టుకొనవచ్చునన్నాడు. పాదరసపు గొట్టములతో కుస్తీపట్టిన వానికి గాక మరెవ్వరికి తోచును? నేడు ప్రాసెసరులో 'కాషె' అనబడునది అదియే. ఐనను 1995లో విలియం వుల్ఫ్, శాలీ మెక్కీ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు, ఈ అంతరము ఇట్లే పెరిగిన ప్రాసెసరు ఒకనాడు మెమొరీ అను గోడకు గుద్దుకొని నిలిచిపోవునని హెచ్చరించినారు.

గోడను పగులగొట్టలేదు, ప్రక్కనుండి దారి చేసికొన్నారు. దీనిని బావి ఉపమానముతో చెప్పుట సులభము. బావి లోతు మారనప్పుడు చేద క్రిందికి పోయి పైకి వచ్చు కాలము మారదు. కాని చేదను పెద్దది చేయవచ్చును. డి.డి.ఆర్. ర్యాములలో జరిగినది ఇది. ఒక వరుసను తెరచినప్పుడు ఒక్క బిట్టును గాక పలు బిట్లను ఒక్కసారి తోడి, వానిని తీగపై వడివడిగా ఒకదాని వెనుక ఒకటి పంపుదురు. తోడుకొను పరిమాణము తరతరమునకు పెరుగుచు వచ్చినది: డి.డి.ఆర్.లో 2, డి.డి.ఆర్.2లో 4, డి.డి.ఆర్.3, 4లలో 8, డి.డి.ఆర్.5లో 16. వీనికి ప్రమాణములు వ్రాయునది జెడెక్ అను పరిశ్రమల సంఘము. డి.డి.ఆర్. ప్రమాణము 2000లో, రెండవ తరము 2003లో, మూడవది 2007లో, నాలుగవది 2012లో, అయిదవది 2020లో వెలువడినవి.

విద్యార్థులు తామే ఒక లెక్క చేసి చూడవలెను. పలకపై 'సి.ఎల్.' అని ఒక అంకె ఉండును. వరుస తెరచిన తరువాత మొదటి బిట్టు రావలెనన్న ఎన్ని గడియారపు దెబ్బలు ఆగవలెనో అది చెప్పును. 133 మెగాహెర్ట్జుల పాత ర్యాములో 2 దెబ్బలు: 15 నానోసెకండ్లు. డి.డి.ఆర్.-400లో గడియారము 200 మెగాహెర్ట్జులు, 3 దెబ్బలు: మరల 15. డి.డి.ఆర్.3-1600లో గడియారము 800, దెబ్బలు 11: 13.75. డి.డి.ఆర్.4-3200లో గడియారము 1600, దెబ్బలు 22: మరల 13.75. డి.డి.ఆర్.5-4800లో గడియారము 2400, దెబ్బలు 40: 16.7! ఇరువది సంవత్సరములకు పైగా బావి లోతు అట్లే ఉన్నది. పెద్ద అంకెలను చూచి నిరీక్షణ తగ్గినదని అనుకొనువారు ఈ లెక్కను ఒకసారి కాగితము మీద వేసిన మంచిది. పెరిగినది ప్రవాహము మాత్రమే.

పై లెక్కలో 3200కు గడియారము 1600 అని వ్రాసితిని గదా, అందులోనే మన మొదటి చిక్కు విడిపోవుచున్నది. గడియారపు స్పందము పైకి లేచునపుడు ఒక బిట్టును, క్రిందికి దిగునపుడు మరొక బిట్టును పంపుట డి.డి.ఆర్. పద్ధతి. కనుక సెకండుకు 240 కోట్ల బిట్లను ఒక్కొక్క తీగపై పంపు ర్యాములో గడియారము 120 కోట్ల మార్లు, అనగా 1200 మెగాహెర్ట్జులు కొట్టును. విండోసు చూపునది బిట్లను. రెండవ ప్రోగ్రాము చూపునది గడియారమును. 2400ను 'మెగాహెర్ట్జులు' అని వ్రాయుట వ్యాపారులు అలవాటు చేసిన పొరపాటు; దానిని ఇక మాన్పించుట ఎవరి తరమును కాదు.

అయితే 1200కు మారుగా 1197 ఏల? ఒకే పౌనఃపున్యములో నిలకడగా కొట్టు గడియారము ఒక చిన్న రేడియో ప్రసార కేంద్రము వంటిది. ఆ శక్తి అంతయు ఒకే చోట పోగుపడకుండ, గడియారపు వేగమును కావలెననియే అర శాతము లోపల క్రిందికి, మరల పైకి ఊపుచుందురు. సగటున పావు శాతము తగ్గును. 1200లో పావు శాతము 3. ఆ మూడును తీసివేసిన 1197!

మరి 3200 పలక 2400గా నడచుట ఏల? ఇక్కడ ఒప్పందము సంగతి వచ్చును. ప్రతి పలక మీద ర్యాము చిప్పులతో పాటు ఒక చిన్న చిప్పు ఉండును. నాలుగవ తరములో 512 బైట్ల ఆ చిప్పు పలకకు జాతకము వంటిది. పరిమాణమెంత, ఏ వేగమునకు ఎన్ని దెబ్బలు ఆగవలెను మొదలగు వివరములు అందులో వ్రాసియుండును. యంత్రమును ఆన్ చేయగానే బయోస్ రెండు పలకల జాతకములను చదివి, ప్రాసెసరు శక్తిని చూచి, అందరును నడువగల వేగమును నిర్ణయించును. ఆ ల్యాప్‌టాప్‌లోని ప్రాసెసరు 2017లో వచ్చిన ఇంటెల్ ఐ5-8250యు. అది డి.డి.ఆర్.4ను 2400 వరకే నడుపును. పాత 4 జీబీ పలక కూడ 2400దే. కనుక 3200 పలక వినయముగా 2400కు దిగినది. పలకలో లోపము లేదు. దుకాణదారు మోసగాడు కాడు. కాకపోతే ఈ ముక్క ముందుగా చెప్పియుండవలసినది.

చిప్పులు వేగముగా ఉన్నను ప్రాసెసరు ఎందుకు ఒప్పుకొనదని విద్యార్థి అడిగినాడు. మంచి ప్రశ్న. 2400 వేగములో ఒక బిట్టు తీగపై ఉండు కాలము సెకండులో కోటివంతులను మరల వేలభాగములు చేసిన కొలతలలోనిది: 0.417 నానోసెకండు. ఆ లోపల విద్యుత్ సంకేతము బోర్డు మీది రాగి దారిలో సుమారు 6 సెంటీమీటర్లు మాత్రమే పోగలదు. అనగా ఒక బిట్టు గమ్యము చేరకముందే దాని వెనుక రెండవది బయలుదేరుచున్నది. దారి పొడవు, స్లాటులోని లోహపు స్పర్శలు, వంపులు అన్నియు బిట్ల ఆకారమును చెరచును. కావున వేగము పలక ఒక్కదాని గుణము కాదు. ప్రాసెసరు, దారి, పలక ఈ మూడింటి కూడలి గుణము. ఇటీవలి పలుచని ల్యాప్‌టాప్‌లలో ర్యామును బోర్డుకే అతికివేయుటకు ఈ దూరమును తగ్గించుట ఒక కారణము. వేగము వచ్చినది గాని విప్పి మార్చుకొను స్వాతంత్ర్యము పోయినది. రెండును దక్కునట్లు క్యామ్2 అను క్రొత్త పలకకు జెడెక్ 2023 డిసెంబరులో ప్రమాణమును ప్రకటించినది.

ఇప్పుడు ఆ విద్యార్థి లాభనష్టములు లెక్క వేయుదము. 3200 వద్ద ఒక ఛానెలు ప్రవాహము సెకండుకు 25.6 జీబీ. 2400 వద్ద 19.2. అనగా నాలుగవ వంతు నష్టము. నిరీక్షణలోనో, 2400 వద్ద 17 దెబ్బలు ఆగవలెను గనుక 14.2 నానోసెకండ్లు, 13.75కు దీనికి తేడా లేనట్లే. ఇక లాభము చూడుడు. పూర్వము ఒకే పలక, ఒకే ఛానెలు. ఇప్పుడు రెండు పలకలు రెండు ఛానెళ్లలో ఉన్నవి గనుక, క్రే గారి ఖానాల వలె రెండును ఏకకాలమున అందించును: 38.4 జీబీ. వాడు పోయినదనుకొన్న వేగము కంటె వచ్చిన వేగము ఎంతో ఎక్కువ. అయితే ఒక మెలిక ఉన్నది. పలకలు 4, 8 కావున 4కు 4 జతపడి, ఆ 8 జీబీ మాత్రమే రెండు దారులలో నడచును. మిగిలిన 4 జీబీ ఒంటి దారిలోనే నడచును. తెరకు బొమ్మలు గీయు భాగము కూడ ఈ ర్యామునే పంచుకొను ల్యాప్‌టాప్‌లలో ఈ తేడా బాగుగా తెలియును. పూర్తి వేగము కావలెనన్న 4ను తీసి మరొక 8ని పెట్టవలెను; 3200 కోసము వెదకనక్కరలేదు.

ఈ చిక్కు క్రొత్తది కాదు. 2007 నాటి ల్యాప్‌టాప్‌లలో వచ్చిన ఇంటెల్ 965 చిప్‌సెట్టు డి.డి.ఆర్.2ను 667 వరకే నడిపెడిది. 800 పలకలు కొని పెట్టినవారికి అప్పుడును 667 కనుపించినది. కొన్ని పలకలపై వ్రాసిన పెద్ద వేగము జాతకములోని మామూలు పుటలో గాక 'ఎక్స్.ఎం.పి.' అను ప్రత్యేక పుటలో ఉండును. చాల ల్యాప్‌టాప్‌ల బయోస్ ఆ పుటను తెరువనే తెరువదు. అట్టి పలక తక్కువ వేగముననే నడచును. తరములు కలిసిపోకుండ పలకల గాడి వేరువేరు చోట్ల ఉండును గాని, మూడవ తరములో 1.5 వోల్టులవి, 1.35 వోల్టులవి ఒకే గాడిలో దూరును. కొన్ని ల్యాప్‌టాప్‌లు రెండవ రకమునే ఒప్పుకొనును. కాబట్టి కొనుటకు పూర్వమే ప్రాసెసరు ఏ తరమును, ఎంత వేగమును, ఎంత పరిమాణమును నడుపగలదో, బోర్డులో ఖాళీ స్లాటు ఉన్నదో లేదో చూచుకొనవలెను. పెట్టునపుడు కరెంటు తీసివేసి, బ్యాటరీని విడదీసి, పలకను అంచులతో పట్టుకొని, స్లాటులోనికి ఏటవాలుగా దూర్చి, రెండు వైపుల కొక్కెములు టక్కుమనువరకు క్రిందికి నొక్కవలెను. పలక పూర్తిగా దూరక యంత్రము తెర వెలుగనప్పుడు ర్యాము కాలిపోయినదని వాపోవువారిని చూచియున్నాను.

దసరా సెలవుల తరువాత విద్యార్థి మరల వచ్చినాడు. మరొక 8 జీబీ పలక, ఈ మారు 2400దే, అదే దుకాణములో కొన్నాడట. తెరపై అంకెలు మారలేదు: ఒకచోట 2400, మరొకచోట 1197. ఛానెళ్లు అన్న చోట మాత్రము 'రెండు' అని చూపి నవ్వినాడు. తీసివేసిన 4 జీబీ పలకను నాకిచ్చి పోయినాడు. అది ఇప్పుడు మా ప్రయోగశాల బీరువాలో భూతద్దము ప్రక్కన ఉన్నది. తొమ్మిదవ తరగతి పిల్లలకు దానిపై ఉన్న జాతకపు చిప్పును చూపి, అందులో ఎన్ని టిఫ్రాకులు పట్టునో లెక్క కట్టమని చెప్పుదును. నాలుగు లక్షల పందొమ్మిది వేల పైచిలుకు వచ్చును. సున్నాలు ఎక్కువైనవని ప్రతి సంవత్సరము ఎవరో ఒకరు మరల లెక్క వేయుదురు.